నీడ కప్పిన నాలుగు గుడ్లు

"సరిగ్గా మిట్టమధ్యాహ్నం మన నీడ యాడికి పోతుంది? చెప్పండి చూద్దాం," అని అడిగింది సుబ్బమ్మవ్వ. ప్రొద్దుటూరులో మిద్దె మీద పాత పంచె పరిచి పొద్దున్నుంచీ వడియాలు పెట్టి, ఎండకు తాళలేక సగం పిండి గిన్నెతో కిందికి దిగి వచ్చింది. మనవడు బాబ్జీ, మనవరాలు మౌనిక ఫ్యాను కింద బోర్లా పడుకొని ఉన్నారు.

"కాళ్ళ కిందికి పోతాది," అన్నాడు బాబ్జీ.

"పూర్తిగా పోదు. కొంచెం మిగుల్తాది," అంది మౌనిక.

"ఇద్దరికీ సగం సగం మార్కులు. ఏడాదిలో రెండే రెండు రోజులు మన పక్క అది పూర్తిగా పోతుంది. ఒకటి ఏప్రిల్ నెలాఖరున. ఆ రోజు సూర్యుడు నెత్తిమీద నిట్టనిలువుగా నిలబడతాడు. గుర్తు పెట్టుకోండి, కథలో మళ్ళీ అడుగుతా."

తొండూరులో ప్రసూన అనే అమ్మాయి ఉంది. వాళ్ళ నాయన ట్రాక్టరు ఆ అమ్మాయే తోలుతుంది. సుబ్బమ్మవ్వ ఆ ఊరి బడిలో టీచరుగా ఉన్నప్పుడు ఆమె దగ్గరే ఐదో తరగతి చదివింది. ప్రసూన తన నీడను ఎక్కడ ఉండమంటే అక్కడ ఉంచి పోగలదు. కలుపు తీసేవాళ్ళు పసిబిడ్డను గట్టు మీద పడుకోబెట్టి, "మే ప్రసూనా, ఒక గంట నీడ ఇచ్చిపో," అని అడిగి తీసుకునేవాళ్ళు. రేషన్ వరుసలో ఆమె బదులు నీడ నిలబడితే వెనకవాళ్ళు తొక్కకుండా జరిగేవాళ్ళు.

రెండేళ్ళ కింద, ఏప్రిల్ ఇరవై తొమ్మిదిన, ఆ ఊరి రైతు ఆదినారాయణ చేనులో వేసవి దుక్కి దున్నుతూ ప్రసూన ట్రాక్టరు చటుక్కున ఆపింది. ముందు చక్రానికి జానెడు దూరంలో, రాళ్ళ మధ్య రాళ్ళలాగే నాలుగు గుడ్లు. తీతువు పిట్టవి. తల్లి కనపడలేదు.

"ఏందే ఆపినావు?" అని ఆదినారాయణ గట్టు మీద నుంచి అరిచాడు. "తీతువు పిట్ట అరిస్తే ఇంటికి మంచిది కాదంట. తోలు, తోలు!"

"నువ్వు అరిస్తే మంచిదా మామా?" అంటూ ప్రసూన టీచరుకు ఫోన్ చేసింది. "టీచరమ్మా, తల్లి వదిలేసి పోయినట్టుండాది. ఎత్తుకపోయి కోడి కింద పెట్టేదా?"

"ముట్టుకోవద్దు. కోడి పొదిగినా తీతువు బతుకు నేర్పలేదు. దూరంగా కూర్చొని చూడు."

చూసింది. గంటైనా పిట్ట రాలేదు. మట్టి మీద చెయ్యి పెడితే పెనంలాగా కాలింది. ఇంకాసేపుంటే గుడ్లు ఉడికిపోతాయి. వాటిని ముట్టుకోకుండా, తన నీడను మీద కప్పి, చుట్టూ పది అడుగులు వదిలి మిగతా చేను దున్నింది. ఆ ఉపాయం టీచరు చెప్పింది కాదు.

చిక్కంతా మరునాడు. జమ్మలమడుగులో ఒక బడివాళ్ళు బస్సు డ్రైవరు పనికి పరీక్ష పెట్టారు. మూడేళ్ళుగా ప్రసూన కాచుకున్న పని అది. పిల్లల బండి కాబట్టి మనిషి నీడతో సహా పూర్తిగా రావాలని మేనేజరు ముందే చెప్పాడు.

"నీడను పిలుచుకోని పో," అన్నాడు ఆదినారాయణ. "ఒక్క పూటకు గుడ్లకేమైతాది?"

"ఉడికిపోతాయి మామా," అని ప్రసూన నీడ లేకుండానే బస్సెక్కింది.

ఆమె గేటులో అడుగు పెట్టినప్పుడే మేనేజరు ఆమె కాళ్ళ వైపు చూశాడు. పదకొండు మంది మగవాళ్ళనూ పరీక్షించి, ఆమెను ఆఖరున పిలిచాడు. అప్పటికి టైము పన్నెండూ పద్నాలుగు.

"ఏమ్మా, నీ నీడ యాడ?"

"తొండూరులో పిట్ట గుడ్ల మీద ఉండాది సార్. మీది యాడుండాది?"

మేనేజరు తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. నీడ లేదు. ఆ పదకొండు మందికీ లేదు. జెండా కర్రకూ లేదు.

"ఎందుకని?" అవ్వ ఆగింది.

"ఏప్రిల్ నెలాఖరు!" అని ఇద్దరూ అరిచారు.

మేనేజరు తాళం ఇచ్చాడు. ప్రసూన బస్సును మైదానం చుట్టూ వెనక్కి నడిపి, గుర్తుగా పెట్టిన రాయి ఒక్కటి కూడా తగలకుండా నిలిపింది. పని ఆమెకే వచ్చింది.

సరిగ్గా ఆ పన్నెండూ పద్నాలుగుకే తొండూరులో గుడ్ల మీది నీడ కూడా మాయమైంది. ఆదినారాయణ తడి తువ్వాలు పట్టుకొని పరిగెత్తబోయాడు. అంతలో తీతువు పిట్ట దిగింది. పొట్ట ఈకల నుంచి నీళ్ళు కారుతున్నాయి. గుడ్ల మీద నిలబడి తడి పొట్ట ఆనించింది. అది వదిలేసి పోలేదు. గుడ్లను చల్లబరచడానికి పొట్ట తడుపుకొని వచ్చేసరికి ముందు ట్రాక్టరు, తర్వాత మనిషి నీడ అడ్డమైతే, భయపడి దూరంగా తిరుగుతూ ఉంది.

"అయితే ప్రసూనక్క చేసింది తప్పా?" అంది మౌనిక.

"కాదు. ఆ నీడ లేకుంటే తల్లి వచ్చేసరికి గుడ్లు ఉండేవి కావు. తల్లి వచ్చినాక తప్పుకోవాల, అంతే. నీడకు అది తెలిసింది."

సూర్యుడు ఒరగ్గానే నీడ మళ్ళీ గుడ్ల దాకా వచ్చి, తల్లిని చూసి ఆగి, జమ్మలమడుగు దారి పట్టింది. సాయంత్రం బస్టాండులో ప్రసూనను కలుసుకుంది. ఆదినారాయణ ఆ పది అడుగులూ దున్నకుండా వదిలేశాడు. మూడు వారాలకు నాలుగు పిల్లలూ గుడ్డు పగిలిన పూటే పరుగు తీశాయి.

"ఇప్పుడు నలభై మంది పిల్లలు ఆ బస్సులో బడికి పోతాండారు," అంది అవ్వ తల ఎత్తి. "ఆ డ్రైవరమ్మ నా దగ్గర ఐదో తరగతి. ఎవరైనా అడిగితే ఆ మాట చెప్పండి."

వాకిట్లో ఎండ మెత్తబడింది. అవ్వ గిన్నె మూత తీసి వాసన చూసింది.

"ఇంకాసేపుంటే పులిసిపోతాది. బాబ్జీ, కాకులు తోలే కట్టె తీసుకోని రా," అని గిన్నె చంకలో పెట్టుకొని, మిగతా వడియాలు పెట్టడానికి మిద్దె మెట్లెక్కింది.