పాట కింది గొంతు

మా పెళ్ళి డిస్కు మీద గొర్రె కొవ్వు అంటిన వేలిముద్రలు తుడవడం కూడా ఈ ఇంట్లో కోడలి పనే. విందుకొచ్చిన చుట్టాలు మాంసం తిన్న చేతులతోనే దాన్ని తీసి, అటూ ఇటూ తిప్పి, టీవీ కింద ఉన్న ప్లేయర్లో పెడతారు. తర్వాత నేను గోరువెచ్చటి సబ్బునీళ్ళలో మెత్తటి గుడ్డ ముంచి, మధ్యనుంచి అంచుకు తుడవాలి. గుండ్రంగా తుడిస్తే గీతలు ఇంకా పెరుగుతాయి. ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా అత్తయ్య వినదు. నేను లేనప్పుడు పైట చెంగులాంటి తన తలగుడ్డ కొసతో రుద్దేస్తుంది. ఆ గుడ్డలో పొయ్యి మసీ, పాల మీగడా, ముక్కుపొడీ అన్నీ ఉంటాయి.

"ఇవాళే దానికి కాపీలు తియ్యవే అమ్మాయ్. ఒకటి ఇంట్లోకి, ఒకటి బయటికి పంపడానికి. సరిగ్గా ఆ చోటుకొచ్చి ఆగిపోతోంది, చుట్టాల ముందు నా పరువు పోతోంది," అంది అత్తయ్య. తర్వాత పిండి కలపమంది. పిండి పిసుకుతున్నది నేను, చేతులు నొప్పులంటున్నది ఆవిడ.

ఆ చోటంటే నా నెత్తిన తెల్ల రుమాలు కట్టే చోటు. అది కట్టించుకుంటే పిల్ల పెళ్ళికి ఒప్పుకున్నట్టే లెక్క.

అప్పుడు నేను నారిన్‌ పట్నంలో టీచరు చదువు ఆఖరి ఏడాదిలో ఉన్నాను. ఉలార్బెక్‌ను అంతకుముందు ఒక స్నేహితురాలి పుట్టినరోజు విందులో చూశాను. ఉప్పు అందించమన్నాడు, అందించాను. అదీ మా ప్రేమకథ. తర్వాత ఒక సాయంత్రం హాస్టలు సందులో కారు ఆగింది, చేతులు లాగాయి, తలుపు పడింది. వీళ్ళ ఇంటికి చేరేసరికి పొయ్యి మీద గొర్రె ఉడుకుతోంది, కెమెరా అతను బ్యాటరీ సరిచూసుకుంటున్నాడు. నేను ఒప్పుకుంటానో లేదో ఎవరికీ పట్టలేదు గానీ కెమెరాకు మాత్రం ముందే కబురు పెట్టారు. నన్ను మూలన తెర వెనక కూర్చోబెట్టారు. గడపకు అడ్డంగా పెద్దత్త, అంటే మా అత్తయ్య అక్క, దిండు వేసుకుని పడుకుంది. పెద్దవాళ్ళను దాటి పోయిన ఆడదానికి జన్మలో సుఖం ఉండదని మా వైపు పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. అందుకే ఈ పనికి తాళాలూ గొళ్ళేలూ అక్కర్లేదు, ఒక్క ముసలామె చాలు. మర్నాడు మా అమ్మ వచ్చి నా వీపు నిమిరి, "రాయి పడ్డచోటే బరువమ్మా, ఉండిపో," అని వీళ్ళిచ్చిన కోటు తొడుక్కుని వెళ్ళిపోయింది.

కెమెరా అతను తెలివైనవాడు. నా ఏడుపు మీద హుషారైన డాన్సు పాట ఒకటి అతికించాడు. డిస్కులో నేను నోరు తెరుస్తాను, మూస్తాను, పాట మాత్రం గెంతులేస్తూ సాగుతుంది. ఒడ్డున పడ్డ చేపను చూసినట్టు చూసి అందరూ నవ్వుతారు. "అబ్బో, మా మీర్‌గుల్ ఎంత మొండిదో చూడండి! నా చెయ్యి కొరికింది కూడా. ఇప్పుడో, మేక పిల్లలాగా చెప్పినమాట వింటుంది," అని అత్తయ్య ముచ్చటపడుతుంది. ఆ ముచ్చట జరుగుతున్నంతసేపూ నేను టీ పోస్తూ ఉంటాను. గిన్నె సగానికే పొయ్యాలి, నిండా పోస్తే వచ్చినవాళ్ళను తొందరగా పొమ్మన్నట్టు. ఒక చేత్తో వాళ్ళకు మర్యాద పోస్తూ, టీవీలో నన్ను నలుగురు ఆడవాళ్ళు నేలకు అదిమి పట్టుకోవడం చూసి, కళ్ళు గిన్నెలోకి దించుకుంటాను. మొదట్లో అది సిగ్గు అనుకున్నాను. కాదు. రోత. వాళ్ళ నవ్వులంటే రోత, ఆ పాటంటే రోత, పాట నచ్చి కాలు ఆడించే బాబాయిలంటే రోత.

మొన్న మా కూతురు నూరిజా పెరట్లో బొమ్మతో ఆడుకుంటోంది. బొమ్మ నెత్తిన నా జేబురుమాలు కట్టి, "ఏడు, ఇంకొంచెం ఏడు. ఆఁ, చాలు. ఇప్పుడు నవ్వాలి," అంటోంది. పక్కింటి పిల్ల వాకిలికి అడ్డంగా పడుకుని ముసలామెలా మూలుగుతోంది. ఆ ఆట వాళ్ళకు ఎవరూ నేర్పలేదు. డిస్కే నేర్పింది. నేను ఆ రుమాలు లాక్కుని పొయ్యిలో పడేశాను. "పిల్ల ఆటకు కూడా ఏడుపేనా? నీకు నవ్వడం ఎవరూ నేర్పలేదా?" అంది అత్తయ్య.

మధ్యాహ్నం ఉలార్బెక్ భోజనానికి వచ్చాడు. నూడిల్స్ గిన్నె ముందుకు జరుపుతూ, కాపీలకు ఇవాళే తొందరేమిటని అడిగాను. అతను వాళ్ళమ్మ వైపు చూశాడు. అత్తయ్య ముసిముసిగా నవ్వింది.

"సాయంత్రం మన సమత్ పిల్లను తెస్తున్నాడు."

సమత్ నా మరిది. వాడికి ఎవరితోనైనా మాటలున్నట్టు నేనెప్పుడూ వినలేదు.

"ఏ పిల్ల? ఆ అమ్మాయికి తెలుసా?"

"తెలిస్తే తేవడం ఎందుకు, తనే వస్తుందిగా," అని ఉలార్బెక్ తన మాటకు తనే నవ్వి, రొట్టె తుంచాడు. "బజారు దగ్గర కుట్టుపని చేస్తుందట. వాడు రెండుసార్లు చూశాడట, నచ్చిందట."

"పేరేమిటి?"

"పేరెందుకు నీకు? సాయంత్రం నువ్వే అడుగుదువుగానీ. రుమాలు కట్టాల్సింది వదినేగా."

అప్పుడు అత్తయ్య అసలు సంగతి చెప్పింది. "పిల్ల ఏడుస్తుంది, ఏడవక మానదు. నేను ఏడ్చాను, మా అత్త ఏడ్చింది. కన్నీళ్ళతో వచ్చిన కోడలే కాపురం నిలబెడుతుంది. తెర వెనక కూర్చోబెట్టి నీ డిస్కు పెడదాం. ఇదుగో, ఈవిడ కూడా ఇలాగే గింజుకుంది, ఇప్పుడు చూడు ఎంత చక్కగా ఉందో, టీచరమ్మ కూడా అయింది అని చూపిద్దాం. రెండోది పిల్ల తల్లిదండ్రుల దగ్గరికి క్షమాపణకు వెళ్ళేటప్పుడు గొర్రెతోపాటు పట్టుకెళ్తాం. మన ఇంటి మర్యాద వాళ్ళకూ తెలియాలిగా."

ఇన్నేళ్ళూ నా ఏడుపు వీళ్ళకు వినోదం అనుకున్నాను. ఇవాళ అది వల అయింది. నన్ను పట్టిన చేతులే నాతో ఇంకో పిల్లను పట్టిస్తున్నాయి, పైగా ఆ వల చిరుగులు నేనే కుట్టాలట. పోలీసుకు చెబుదామంటే, మా ఊరి పోలీసు ఈ డిస్కులోనే ఉన్నాడు. పట్టుకొచ్చి పెళ్ళి చేసుకోవడం నేరమని చట్టం రాసిన కాగితం ఆయన గది గోడకే ఉంటుంది, ఆయనేమో మా పెరట్లో వోడ్కా గ్లాసు నెత్తిన పెట్టుకుని డాన్సు చేశాడు. కుట్టుపని పిల్లను వెతుక్కుంటూ బజారుకు పోదామంటే, పేరైనా తెలియదు. "అలా మొహం మాడ్చుకోకు. నీకిక్కడ ఏం తక్కువైంది చెప్పు?" అన్నాడు ఉలార్బెక్, చేతులు తుడుచుకుని. పెళ్ళయినప్పటినుంచీ అతను నన్ను అడిగిన ప్రశ్న ఇదొక్కటే. జవాబు కోసం ఏనాడూ ఆగలేదు.

కంప్యూటరు పడకగది కిటికీ పక్కన ఉంటుంది. దాన్ని ఇంట్లో అందరూ ఉలార్బెక్ కంప్యూటరు అంటారు, అతను దానిలో పేకాట ఆడతాడు. స్కూల్లో పిల్లలకు కంప్యూటరు పాఠాలు చెప్పేది నేను. అక్కడ కూడా హెడ్మాస్టరు గారు నన్ను పిలిచేది ప్రింటరులో కాగితం ఇరుక్కున్నప్పుడూ, టీ పెట్టాల్సినప్పుడూ. సరే. గీత పడ్డ చోట కాస్త పళ్ళపేస్టు రాసి, కడిగి, ఆరబెట్టి డిస్కు లోపలికి తోశాను. డ్రైవు గుర్రుమంది, ఆగింది, మళ్ళీ గుర్రుమంది. ముందు డిస్కులోది మొత్తం కంప్యూటరు లోపలికి రావాలి, తర్వాత ఖాళీ డిస్కు మీదికి పోవాలి. అంత పెద్దది ఖాళీ డిస్కులో పట్టదు కనుక ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో ప్రోగ్రాం అడుగుతుంది. రష్యన్‌లో అడిగింది: ఏ ధ్వని ఉంచాలి? కింద రెండు గళ్ళు ఉన్నాయి. ధ్వని ఒకటి, ధ్వని రెండు.

డిస్కులో రెండు ధ్వనులు ఉన్నాయని నాకు ఆ క్షణం దాకా తెలియదు. మా టీవీ ఎప్పుడూ మొదటిదే పాడుతుంది. కెమెరా అతను పాట అతికించి, అసలు కెమెరాలో పడ్డ శబ్దాన్ని తీసెయ్యకుండా కిందే వదిలేశాడు. బద్ధకమో, మరుపో. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని రెండోది నొక్కాను.

పాట లేదు. గాలి ఉంది. ఎవరో కడుపునిండా తిని తేన్చారు. తర్వాత ఒక గొంతు, సన్నగా, అరిచి అరిచి జీరపోయిన గొంతు: "సోమవారం నాకు పరీక్ష ఉంది. సోమవారం పరీక్ష ఉందండీ. వదలండి, పుస్తకం కూడా హాస్టల్లోనే ఉంది." అది నేను. నేను శాపాలు పెట్టాను, తిట్టాను అనుకున్నాను ఇన్నాళ్ళూ. కాదు, పరీక్ష ఉందని చెప్పుకున్నాను, మర్యాదగా, అండీ అంటూ. ఆడవాళ్ళు పకపకా నవ్వారు. "పరీక్షట! ఇక్కడ ఆవు పాలు పితకడమే నీ పరీక్ష," అంది అత్తయ్య గొంతు. పెద్దత్త గడప దగ్గర పడుకుని ఉండే, నూనెలో వేయించిన బూర్సోక్ పిండి ముక్కలు నములుతూ ఇంకొంచెం జామ్ తెమ్మంటోంది. అప్పుడు కెమెరాకు బాగా దగ్గరగా, ఒక మగ గొంతు తగ్గుస్వరంతో అంది: "మొహం కనబడేట్టు తియ్యి అన్నా. ఏడుపు బాగా వస్తోంది."

ఆ గొంతు రోజూ నా చెవి పక్కనే గురక పెడుతుంది.

హెడ్‌ఫోన్ తీసేసి పెరట్లోకి వెళ్ళాను. మొహం కడుక్కుని వచ్చి, మొదటి గడిలో టిక్కు తీసేశాను. రెండోది ఉంచాను. కాపీ నొక్కాను. అత్తయ్య గుమ్మంలోంచి తొంగిచూసి, "వస్తోందా?" అని అడిగింది. తెర మీద పూలు కట్టిన కార్లు కదులుతున్నాయి. "వస్తోంది అత్తయ్యా, ఒక్కచోట కూడా ఆగడం లేదు," అన్నాను.

పొద్దు ఇంకా కొండ దిగకముందే కారు వచ్చింది. ఆ పిల్లను నలుగురు మోసుకొచ్చారు. ఒక కాలికి చెప్పు లేదు. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. పేరు ఐజిరెక్ అట. తెర వెనక్కి తోశారు, ఆడవాళ్ళు చుట్టూ చేరారు, పెద్దత్త దిండు తెచ్చుకుని గడపకు అడ్డంగా చతికిలబడి, ఉస్సురంటూ పడుకుంది. తెల్ల రుమాలు తెచ్చి నా చేతిలో పెట్టారు. ఆ పిల్ల ఒకటే మాట అంటోంది: "ఇస్త్రీపెట్టె ఆపకుండా వచ్చాను. కొట్లో గుడ్డలున్నాయి, అంటుకుంటాయి. మా యజమానురాలు లోపల బిడ్డను పడుకోబెట్టింది. ఒక్కసారి వెళ్ళి ఆపొస్తానండీ."

"ఇస్త్రీపెట్టెట!" అని ఆడవాళ్ళు నవ్వారు. అదే నవ్వు. హెడ్‌ఫోన్లో విన్నదే, గోడలు కూడా అవే.

"ఇదుగో తల్లీ, ముందు ఇటు చూడు. మా పెద్దకోడలి పెళ్ళి. పెట్టవే మీర్‌గుల్," అంది అత్తయ్య.

పెట్టాను. నేను తీసిన కొత్త కాపీ. రిమోట్ నా జేబులో వేసుకున్నాను. పూల కార్లొచ్చాయి, పాట రాలేదు. అత్తయ్య "సౌండు పెంచు," అంది, పెంచాను. గదినిండా గాలి వీచింది. తర్వాత నా గొంతొచ్చింది. సోమవారం నాకు పరీక్ష ఉంది. సోమవారం పరీక్ష ఉందండీ. నవ్వుతున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోయారు. మా తోడికోడలు వరస అయ్యే ఒకామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నన్ను తెచ్చిన ఏడాదే ఆమెనూ తెచ్చారు. టీవీలో పెద్దత్త జామ్ అడిగింది, గడప మీది పెద్దత్త తల ఎత్తి చూసింది. ఏడుపు బాగా వస్తోంది అన్న గొంతు వినబడగానే, కిటికీ బయట మగవాళ్ళలో నిలబడ్డ ఉలార్బెక్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఆపవే! ఆపు దాన్ని! ఎవరు పెట్టమన్నారు ఇది?" అత్తయ్య టీవీ వైపు ఉరికింది.

"మీరే అత్తయ్యా. నా పెళ్ళి చూపించమన్నారు. ఇదే నా పెళ్ళి."

రుమాలు మడిచి ఆవిడ ఒళ్ళో పెట్టి, గుమ్మం దగ్గరికి నడిచాను. బయట నూరిజా బొమ్మ చంకన పెట్టుకుని నిలబడి నన్నే చూస్తోంది. పెద్దత్త నా పావడా అంచు పట్టుకుంది.

"దాటావంటే నీకు ఈ జన్మలో సుఖం ఉండదు, చెబుతున్నా."

"సుఖమంటూ ఉన్నప్పుడు చెప్పాల్సింది పెద్దత్తా," అన్నాను.

దాటాను. మెత్తటి ముసలి పొట్ట, దాని మీద నూనె మరకల శాలువా, అంతే. నా తల మీద ఆకాశం పడలేదు. అవతల నిలబడి వెనక్కి తిరిగి, ఆ పిల్లకు చెయ్యి చాచాను.

"రామ్మా ఐజిరెక్. ఇస్త్రీపెట్టె ఆపి వద్దాం."