పాట ఒకరిది, పేరు ఇంకొకరిది

నేను ఒక పాత కంప్యూటర్‌ను. ఓ ఇంటర్నెట్ సెంటర్‌లో హాల్ టికెట్లూ దరఖాస్తులూ అచ్చువేస్తూ బతికాను. ఆ సెంటర్ మూతపడ్డాక టెక్కలి దగ్గరి కెరటం రేడియో వారి చేతికి చిక్కాను. చుట్టుపక్కల ఊళ్లవాళ్ల పాటలూ మాటలూ ప్రసారం చేసే చిన్న కేంద్రం అది.

నేను రాకముందు, ఏ పాట వస్తోందో రేడియో ఫేస్‌బుక్ పేజీలో అనౌన్సర్ రోహిణి తన చేత్తోనే రాసేదట. పాట పెట్టాలి, ఫోనెత్తాలి, శ్రోతను పలకరించాలి, మధ్యలో ఇదొకటి. అయినా ఎవరి పేరూ తప్పు పోనిచ్చేది కాదు. కేంద్రం నిర్వాహకుడు సన్యాసిరావుకు అది పాతకాలపు పద్ధతిగా కనిపించింది. నాలో ఓ ప్రోగ్రాం పెట్టించాడు. పాట మొదలవగానే పాట పేరూ, పాడినవారి పేరూ నేనే పేజీలో పెట్టేయాలి.

"ఇంక మనిషితో పనిలేదు" అంటూ చేతులు దులుపుకున్నాడు.

పనిలేదట! ఫైలు మీద ఏం రాసి ఉంటే అదే కదా నేను పెట్టగలిగేది? ఆ రాసేది మనిషే కదా? "ఇప్పుడు వింటున్నారు: కొత్తది ఫైనల్ రెండు" అని పెట్టాను. "ఇప్పుడు వింటున్నారు: బావమరిది పెళ్లి సన్నాయి" అనీ పెట్టాను. జనం నవ్వుకున్నారు. తిట్లు మాత్రం నాకే. ఇంటర్నెట్ సెంటర్‌లోనూ అంతే. పుట్టిన తేదీ తప్పు చెప్పింది వాళ్లు, మొట్టికాయలు తిన్నది నేను.

ఇంతలో బమ్మిడి అప్పలనరసమ్మ ఊడ్పుల పాటలు వచ్చాయి. వరినాట్లు వేస్తూ ఆమె పాడుతుంటే సన్యాసిరావు పొలం గట్టున కూర్చుని తన ల్యాప్‌టాప్‌లో రికార్డు చేశాడు. దాంట్లో ఏం రికార్డు చేసినా పాడినవారి చోట ల్యాప్‌టాప్ యజమాని పేరే పడుతుంది. అతను మార్చలేదు. నేను యథాతథంగా పెట్టాను: "పాడినవారు: సన్యాసిరావు."

వినిపించేది ఆడగొంతు. అయితేనేం, పాట వినకుండానే మెచ్చుకునేవాళ్లకు లోకంలో కరువా? "సార్, మీలో ఇంత కళ ఉందా!" అని రాశారు. సన్యాసిరావు ఒక్కొక్కరికీ వరసగా దండాలు పెట్టాడు.

"సార్, ఆ పేరు మార్చండి. ఆ ప్రోగ్రాం పాస్‌వర్డు మీ దగ్గరే ఉంది కదా" అని రోహిణి అడిగింది.

"చూద్దాంలేమ్మా."

అడిగినప్పుడల్లా అదే జవాబు. నాకే విసుగొచ్చింది, ఆమెకు రాదా?

చివరికి శ్రీకాకుళంలోని ఓ జానపద కళాసంఘం వాళ్లు మా పేజీ చూసి, ఊడ్పుల పాటల గాయకుడు సన్యాసిరావుకు సన్మానం చేస్తామని కబురు పంపారు. వద్దనాల్సిన మనిషి పట్టు లాల్చీ ఇస్త్రీకి ఇచ్చాడు. పైగా ఆ కబురును పేజీలో తనే పెట్టుకున్నాడు. అప్పలనరసమ్మ కోడలు దాన్ని ఫోనులో చదివి అత్తకు వినిపించింది.

అప్పలనరసమ్మ పొలంలోంచి నేరుగా ఆటో ఎక్కి వచ్చింది. చీర కుచ్చిళ్లకు బురద అలాగే ఉంది. సన్యాసిరావు ఎదుట కూర్చుంది.

"ఏదీ బాబూ, ఓ పల్లవి అందుకో. ఇంటాను."

సన్యాసిరావు నా వైపు వేలు చూపించాడు. "అది నేను పెట్టింది కాదమ్మా. కంప్యూటరు దానంతటదే పెట్టేసింది."

"కంప్యూటరెట్టిందా? అయితే సన్మానానికీ కంప్యూటరే ఎల్తాదేటి?"

నాకు నోరుంటే ఆమెకు జేజేలు కొట్టేవాణ్ణి. రోహిణి ఇక ఆగలేదు. నేను మళ్లీ ఆ పేరే పెట్టకుండా నా ఇంటర్నెట్ వైరు పీకేసి, అప్పలనరసమ్మను స్టూడియోలోకి తీసుకెళ్లి మైకు ముందు కూర్చోబెట్టింది.

"మీ పేరు మీరే చెప్పండి పెద్దమ్మా. ఊళ్లన్నీ వింటున్నాయి."

అప్పలనరసమ్మ గొంతు సవరించుకుంది. "నాను బమ్మిడి అప్పలనరసమ్మని. రేడియోలో వొస్తున్న ఊడ్పుల పాటలు నావి. మాయమ్మ నేర్పింది. సారు మంచోడే గానీ, పాడలేడు."

తరువాత పాట ఎత్తుకుంది. అది ముగిసేసరికి ఫోన్లు ఆగకుండా మోగుతున్నాయి. అద్దం అవతల ఒంటరిగా నిలబడ్డ సన్యాసిరావు ఓ ఫోను ఎత్తాడు. "అవునండీ... ఆమే. నేను కాదు" అన్నాడు. ఆ వెంటనే శ్రీకాకుళం వాళ్లకు తనే ఫోను చేసి అదే మాట చెప్పాడు. పాస్‌వర్డు కాగితం మీద రాసి, రోహిణి ముందు పెట్టాడు.

రోహిణి నా వైరు మళ్లీ తగిలించి, ఒక్కో పాటకూ పేరు మార్చింది. అప్పలనరసమ్మ నా ముందుకు వంగింది.

"ఏదీ, నా పేరెక్కడుంది?"

రోహిణి చూపించింది. ఆమె మొదటి అక్షరం మీద వేలుంచి, చివరిదాకా మెల్లగా జరిపింది.

"ఇంత పొడుగుంటాదేటి నా పేరు? ఊర్లో అందరూ 'అప్పీ' అనీసి ఊరుకుంటారు." తలుపు వైపు చూసి నవ్వింది. "సారు పేరుకన్నా పెద్దదే!"

తలుపు దగ్గర సన్యాసిరావు తలదించుకున్నాడు.

"పెద్దదేనమ్మా. తప్పు నాదే" అన్నాడు.

కంప్యూటరుగా పుట్టి ఇన్నాళ్లకు, మనిషి నోట ఆ మాట విన్నాను.