అత్తయ్యకు కుదిరే తొట్టి

పొద్దున్నే అత్తగారు బసవమ్మకు నీళ్ళు పోయడం వాసంతి పని. మోకాళ్ళు పట్టేసిన మనిషిని మంచం మీంచి లేపి, నడుం పట్టుకుని బాత్రూముదాకా నడిపించి, స్టూలు మీద కూర్చోబెట్టి, చెంబుతో మెల్లగా పోయాలి. కాస్త వేడెక్కువైతే అత్తయ్య అరుస్తుంది, తగ్గితే వణుకుతుంది. ఆ తర్వాత భర్త ఫణీంద్ర స్నానం, కూతురి స్నానం. తన వంతు వచ్చేసరికి గీజర్లో మిగిలేవి ఎప్పుడూ చన్నీళ్ళే. అవే గబగబా గుమ్మరించుకుని, తడిజుట్టుతో వంటింట్లోకి పరిగెత్తేది. పెళ్ళైన దగ్గర్నుంచీ అంతే. అది ఒక లోటని ఆమెకెప్పుడూ తోచలేదు.

ఫణీంద్రకు నరసరావుపేటలో పురుగుమందుల దుకాణం ఉంది. రొంపిచెర్ల రోడ్డులో కొత్త ఇల్లు కట్టిస్తున్నాడు. కంపెనీవాళ్ళు హైదరాబాదులో విందు ఇచ్చినప్పుడు అక్కడి హోటల్లో హాట్ టబ్, బుడగలొచ్చే వేడినీళ్ళ తొట్టి చూసొచ్చి, డాబా మీద అలాంటిదొకటి ఉండాల్సిందేనని పట్టుబట్టాడు. అడిగినవాళ్ళందరికీ మాత్రం, అమ్మ మోకాళ్ళకు మంచిదని చెప్పేవాడు.

"అమ్మకు నీళ్ళు పోసేది నువ్వేగా. ఏది కుదురుద్దో నీకే తెలుసుద్ది. నువ్వే చూసి రాపో" అన్నాడు భార్యతో.

గుంటూరు షోరూములో ప్రసన్న అనే అమ్మాయి ఫోనులో ముందే చెప్పింది, చూస్తే తెలియదు మేడమ్, నీళ్ళు నింపి ఉంచుతాం, కూర్చుంటేనే తెలుస్తుంది, మార్చుకునే బట్టలు తెచ్చుకోండని. తెర వెనక గదిలో టబ్బు ఆవిర్లు కక్కుతోంది. వాసంతి పాత పంజాబీ డ్రెస్సు తొడుక్కుని దాని దగ్గరికి వెళ్ళింది. అంచు ఆమె నడుం ఎత్తుంది. మెట్టెక్కి, కాలు అంత పైకెత్తి, అవతల వేయాలి. అప్పుడే ఆమెకు అర్థమైపోయింది. బాత్రూము గడప దాటడానికే తన భుజం మీద బరువంతా వేసే అత్తయ్య, ఇందులోకి ఈ జన్మలో దిగలేదు. పైగా పెట్టేది డాబా మీద.

అప్పుడే వెనక్కి తిరిగి వచ్చేసి ఉంటే సరిపోయేది. కానీ అప్పటికే ఆమె ఒక కాలు నీళ్ళలో ఉంది.

మెడదాకా మునిగింది. ఎవరో తనకోసం కాచిన నీళ్ళు. అడుగునుంచి తోసుకొచ్చే బుడగలు నడుముకు తగులుతుంటే, అక్కడ అంత నొప్పి ఉందన్న సంగతి అది తగ్గుతున్నప్పుడు తెలిసింది. ఒకసారి నడుం లాగుతోందంటే ఫణీంద్ర నవ్వి, ఇంట్లో కూర్చునేదానికి నీకేం అలుపే అన్నాడు. ఆమె కూడా నవ్వింది. అది గుర్తొచ్చి ఇప్పుడు ఎందుకో కళ్ళు మండాయి. మొహం నీళ్ళలో ముంచేసింది.

ఇంటికి రాగానే బసవమ్మ ఆశగా, "నాకు కుదిరేది దొరికిందా?" అని అడిగింది. లోపలి సీటు మరీ లోతుగా ఉందత్తయ్యా, ఇంకోటి చూడాలి అని చెప్పింది వాసంతి. అంత తేలిగ్గా అబద్ధం వచ్చినందుకు ఆమెకే భయం వేసింది.

రెండోసారి విజయవాడ వెళ్ళింది. అక్కడా అంతే ఎత్తుంటుందని బస్సెక్కకముందే తెలుసు. దారి పొడుగునా, ముసలామె నొప్పిని అడ్డం పెట్టుకుని నేను సుఖపడుతున్నానా అనుకుంది. అనుకుంటూనే వెళ్ళింది, దిగింది, కూర్చుంది.

మూడోసారి మళ్ళీ గుంటూరే, వేరే షోరూము. ఆరోజు పొద్దున్నే బయల్దేరుతూ అత్తయ్య తలకు నూనె పెట్టి, మధ్యాహ్నానికల్లా వచ్చి పోస్తానంది. నీళ్ళలో నిద్ర పట్టేసింది, మధ్యాహ్నం బస్సు తప్పిపోయింది. ఇల్లు చేరేసరికి వీధిలో దీపాలు వెలిగాయి. బసవమ్మ మంచం అంచున అలాగే కూర్చుని ఉంది. నూనె కణతల మీదికి కారి ఎండిపోయింది. స్నానం కాకుండా ముద్ద ముట్టదు. పక్కింటి ఝాన్సీ వచ్చి తాను పోస్తానన్నా, మా కోడలు వచ్చుద్దిలే అని పంపేసిందట.

వాసంతి వెంటనే నీళ్ళు పెట్టింది. వీపు మీద పోస్తూ పోస్తూ, ఇక ఆగలేక చెప్పేసింది. ఏ టబ్బులోకీ మీరు దిగలేరత్తయ్యా, మొదటిరోజే తెలిసింది నాకు అని.

"దారెంట పోయే ప్రతోళ్ళకీ చెప్పుకున్నానే, నా కొడుకు నాకోసం కొంటన్నాడని" అంది బసవమ్మ. తర్వాత అడిగింది, "మరి మళ్ళా మళ్ళా ఎందుకు పోయావు?"

"నీళ్ళు బాగున్నాయత్తయ్యా."

ఆ మాటకు తిడుతుందనుకుంది. తిడితే బాగుండుననీ అనుకుంది. బసవమ్మ మొహం మీది నీళ్ళు తుడుచుకుంది.

"మా అత్తకి కట్టెలపొయ్యి మీద కాచి పోశా, ఆమె పోయిందాకా. నేను కూర్చుని పోయించుకుంది ఈ కాళ్ళు పడిపోయినాకనే. అంతకుముందు నువ్వు బాగుండావా అని అడిగినోళ్ళు లేరు." తల వెనక్కి తిప్పి, "ఎట్టా ఉంటయ్యే ఆ నీళ్ళు?" అంది.

వాసంతి చెప్పింది. చెంబు ముంచడం మరిచిపోయి చెప్పింది. బసవమ్మ కళ్ళు మూసుకుని వింది.

అన్నాల దగ్గర ఫణీంద్ర ఏది ఖాయం చేశావని అడిగాడు. అత్తయ్య ఏ టబ్బులోకీ దిగలేరని, కింద బాత్రూముకు గడప లేకుండా చేసి, కూర్చోవడానికి గట్టు కట్టించమని వాసంతి చెప్పింది.

"అన్ని ఊళ్ళు తిరిగి ఒక్కటీ కుదరలేదంటావేంది?" అన్నాడు విసుగ్గా.

"అత్తయ్యకు కుదరలేదు."

వాసంతి గరిటె కింద పెట్టింది. తప్పు చేస్తున్నట్టే ఉంది ఇంకా. బసవమ్మ కంచంలోంచి తలెత్తి చూసింది.

"నాకు కుదిరింది" అంది వాసంతి.