సదయో చూడని గుడ్లగూబ

చచ్చిన చేపపిల్లలను జల్లెడతో ఏరి బకెట్లో వేస్తోంది సదయో. చన్నీళ్ళకు ఆమె వేళ్ళ కణుపులు పగిలి ఎర్రబడ్డాయి. జపాన్ ఉత్తరాన హొక్కైదో కొండల నడుమ ఆ సాల్మన్ చేపపిల్లల పెంపకం కేంద్రంలో ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆమెకు తెల్లవారేది ఇలాగే.

మినామి రొప్పుతూ లోపలికి వచ్చింది. చలికాలం మూడు నెలల పనికి కుదిరిన మనిషి. ఈ సాయంత్రం బస్సుకే ఊరు వెళ్ళిపోతుంది.

"అక్కా, నీళ్ళు బయటికి పోయే కాలువ గట్టుమీద ఇంత పక్షి. చేపను కాలికింద అదిమిపెట్టి నా వంకే చూసింది. కళ్ళు పసుపు పచ్చగా ఉన్నాయి."

మేస్త్రీ హొరికావా టీ కప్పు పక్కన పెట్టాడు. "చేపల గుడ్లగూబా? పదకొండేళ్ళుగా ఈ వాగు దగ్గర ఎవరి కంటా పడలేదే."

సదయో చేతిలో జల్లెడ ఆగిపోయింది. పెళ్ళయిన ఏడాది దాన్ని చూశాడు ఆమె భర్త ఎయికిచి. పోయేదాకా ప్రతి చలికాలం ఆ కథే చెప్పాడు. అప్పట్నుంచి ఆమె మోకాళ్ళు కొయ్యబారేలా ఎన్ని సాయంత్రాలు ఆ గట్టున కూర్చుందో. రెక్కల చప్పుడైనా వినలేదు. బూట్లు సరిగా తొడుక్కోవడం కూడా రాని ఈ పిల్లకు మాత్రం ఎదురొచ్చి కూర్చుందా?

"తెల్లతోక గద్ద అయ్యుంటుంది," అంది తలెత్తకుండా. "కొత్తవాళ్ళకి మంచులో అన్నీ పెద్దగానే కనిపిస్తాయి."

"సదయో చెబితే ఇక తిరుగులేదు," అని హొరికావా కప్పు అందుకున్నాడు. "గద్దని చూసి హడలిపోయావా అమ్మాయ్."

"గద్దకి చెవులుంటాయా అక్కా?" అని మినామి మెల్లగా అడిగింది. సదయో బకెట్ అందుకుని బయటికి నడిచింది.

మధ్యాహ్నం అందరూ అన్నాలు తింటున్న వేళ ఒక్కతే కాలువ దగ్గరికి వెళ్ళింది. మంచుమీద అరచేయంత అడుగులు, పక్కన చేప నెత్తురు. ఒంగి చెయ్యి ఆనించి కొలిచింది. గద్దవి కావు అవి. ఒకసారి వెనక్కి చూసుకుని, బూటుతో ఒక్కొక్క అడుగునూ చెరిపేసింది. ఆఖరిదాని దగ్గర కాలు తటపటాయించింది. దాన్నీ తొక్కేసింది.

సాయంత్రం మినామి అందరికీ వంగి నమస్కరించింది. "పని నేర్పించారు అక్కా, మర్చిపోను."

నిజం సదయో నోటిదాకా వచ్చింది.

"బస్సు తప్పిపోతుంది, వెళ్ళు," అంది.

బస్సు మలుపు తిరిగాక, మినామి వాడిన అల్మారా తుడవడానికి సదయో తలుపు తీసింది. మేత సంచి నుంచి చింపిన కాగితం ముక్క ఒకటి లోపల నిలబెట్టి ఉంది. దానిమీద పెన్సిలుతో గీసిన పక్షి: గుండ్రటి కళ్ళు, చెవుల్లా లేచిన ఈకలు, కాళ్ళకింద చేప. అడుగున చిన్న అక్షరాలతో, 'గద్ద. సదయో అక్క చెప్పారు.'