చివర ఎస్ ఉన్న మాట

నా తమ్ముడు శ్రీహరి పోయిన సోమవారం నేను ఎనిమిదో తరగతికి ఇంగ్లీషు భాషాభాగాలు చెబుతున్నాను. ఖానాపూర్ దగ్గర మా ఊరి బడిలో ఇరవై రెండేళ్లుగా ఏటా చెప్పే పాఠమే. పేరు చెప్పేది నౌన్. పని చెప్పేది వెర్బ్. పేరుకు బదులు వచ్చేది ప్రొనౌన్.

ఆ రోజు పిల్లలకు ఒక కిటుకు చెప్పాను.

"అర్థం తెలియని మాట వస్తే భయపడొద్దు. దాని తోక చూడండి. ముందు ఒక్క మనిషి ఉండి, వెనక మాట చివర ఎస్ ఉంటే అది వెర్బ్. ఆ మనిషి ఏదో ఒకటి చేస్తున్నట్టే."

బోర్డు మీద రన్స్, ఈట్స్, స్లీప్స్ అని రాశాను. దీపిక లేచింది. సందేహాలు ఆ పిల్లకే వస్తాయి.

"సార్, బుక్స్‌కు గూడ ఎస్ ఉన్నది గద. మరి గది ఏం పని చేస్తది?"

"ఉర్కుతది," అంది పక్కనున్న భవ్యశ్రీ. "నీ బ్యాగుల నుంచి ఎన్నడో ఉర్కింది. గందుకే నీకు మార్కులు రాలే."

తరగతి అంతా నవ్వింది. భవ్యశ్రీ శ్రీహరి కూతురు. బడిలో నన్ను సార్ అంటుంది, ఇంట్లో పెద్దబాపు అంటుంది. ఒక చోటి పిలుపు ఇంకో చోట ఎన్నడూ వాడదు. మాటల విషయంలో అంత పద్ధతి.

"అది బహువచనం దీపికా. ఆ పాఠం తర్వాత వస్తుంది. ఇప్పటికి కిటుకు గుర్తుపెట్టుకో," అన్నాను. సిలబస్ వెనకబడి ఉంది.

అప్పుడు ఫోన్ మోగింది. నరేశ్. గల్ఫ్‌లో శ్రీహరి ఉండే గదిలోనే ఉంటాడు. వరండాలోకి వచ్చాను.

"అన్నా, శ్రీహరి పోయిండు."

"ఏడికి పోయిండు?" అన్నాను.

 మా దగ్గర ఊరు విడిచినా లోకం విడిచినా ఒకటే మాట. ఎనిమిదేళ్ల కింద వాడు విమానం ఎక్కిన రోజు కూడా ఊరంతా ఇదే అంది, శ్రీహరి పోయిండు అని. పరాయి భాషలో క్రియలు చెప్పి జీతం తీసుకునేవాణ్ని. సొంత భాషలో ఒక్క క్రియ అర్థం కావడానికి రెండోసారి చెప్పించుకున్నాను.

"పొద్దుగాల పనికి తయారైండు. బూట్లు తొడుక్కుంట తొడుక్కుంటనే ఒరిగిండు. మళ్ల లేవలే అన్నా."

లోపలికి వెళ్లి గంట కొట్టేదాకా ప్రొనౌన్ చెప్పాను.

మా వైపు ఒక పద్ధతి ఉంది. గల్ఫ్‌లో మనిషి పోతే, శవపెట్టె వచ్చే తారీఖు తేలేదాకా ఇంట్లో ముసలివాళ్లకూ పిల్లలకూ చెప్పరు. ఆస్పత్రిలో ఉన్నాడంటారు. ఊరందరికీ తెలుస్తుంది. ఊరంతా కలిసి ఆ అబద్ధాన్ని కింద పడకుండా మోస్తుంది. మా అవ్వ బుచ్చవ్వకు, అంటే మా అమ్మకు, బీపీ. భవ్యశ్రీ ఏ మాటా బాపమ్మ దగ్గర దాచలేదు. అందుకని ఇద్దరికీ ఆస్పత్రి అనే చెప్పాను.

తమ్ముడి భార్య నవీనకు మాత్రం చెప్పక తప్పలేదు. ఆమె సంతకం కావాలి. శవాన్ని పంపాలంటే భార్య ఉత్తరం ఇవ్వాలని అక్కడి కంపెనీ వాళ్లు అడిగారు. మంగళవారం నేనే ఇంగ్లీషులో రాశాను. మంచి దస్తూరీతో రాశాను.

"గిండ్ల ఏం రాసినవ్ బావా?"

"శ్రీహరిని పంపడానికి మనకు అభ్యంతరం లేదని."

"ఎందుకు లేదు?" అంది నవీన.

నేను పెన్ను ఆమె ముందు పెట్టాను. ఆమె సంతకం పెట్టింది. ఆ ఉత్తరంలో వాడి పేరు ఒక్కసారే వచ్చింది. తర్వాత అన్ని చోట్లా శవం, లేదంటే 'ఇట్' అని ఉంది. మగమనిషికి 'హి' రాయాలని పిల్లల చేత వందల సార్లు రాయించినవాణ్ని, నేనే రాశాను. వ్యాకరణం ప్రకారం తప్పు లేదు.

గురువారం సాయంత్రం బడి నుంచి తమ్ముడి ఇంటికి వెళ్లాను. నవీన చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి పోయింది. అవ్వకు అనుమానం రాకుండా రోజూలాగే పోతోంది. ఆ రోజు ఫోన్ ఇంట్లో మరిచిపోయింది.

వాకిట్లో అవ్వ కోడి కాలికి తాడు కడుతోంది.

"వచ్చిండమ్మా సారు. గింత మంచి కబురు నువ్వు చెప్పకపోతివి. నా మనుమరాలు సదివి చెప్పింది. నీ సదువు కంటె దానిదే నయం."

"ఏం చెప్పింది అవ్వా?"

"శ్రీహరి శనివారం దిగుతుండట. పుంటికూర గూడ తెంపుకొచ్చిన, తొక్కు నూరుత. ఆస్పత్రి తిండి తిని ఎట్ల ఎండిపోయిండో పోరడు."

భవ్యశ్రీ రఫ్ నోటుబుక్కు, చిన్న డిక్షనరీ పట్టుకుని ఉరికివచ్చింది. నరేశ్ నవీన ఫోన్‌కు పంపిన ఒక్క ముక్క మెసేజీని నోటుబుక్కులో ఎక్కించుకుంది. 'మోర్టల్ రిమైన్స్ ఆఫ్ శ్రీహరి రీచింగ్ హైదరాబాద్ సాటర్డే.' ఒక్కో మాట కింద అది ఏ భాషాభాగమో పెన్సిల్‌తో రాసింది.

"మోర్టల్ అంటె తెల్వలే పెద్దబాపు. డిక్షనరీల చూస్తె మర్త్యుడు, మనిషి అని ఉంది. అంటె నౌన్. ముందల ఒక్క మనిషే ఉన్నడు. రిమైన్స్ చివర ఎస్ ఉంది. అంటె వెర్బ్. రిమైన్ అంటె ఉండుట. మనిషి ఉన్నడు! శనివారం హైదరాబాద్ వస్తుండు. బాపుకు నయమైంది గద?"

నోటుబుక్కు చేతిలోకి తీసుకున్నాను. ఏడు మాటలు. నాలుగు సరిగ్గా ఉన్నాయి. ఒకటి ఖాళీ. రెండు తప్పులు. ఆ రెండు తప్పులూ సోమవారం నేను నేర్పిన దారినే వచ్చాయి. ఎక్కడా దారి తప్పలేదు. క్లాసులో ఇంకెవరూ అంత శ్రద్ధగా వినలేదు.

రిమైన్స్ ఇక్కడ పని చెప్పే మాట కాదు. దీపిక అడిగిన బుక్స్ లాంటిది. మనిషి పోయాక మిగిలేదానికి పేరు. మోర్టల్ దానికి ముందు పెట్టిన విశేషణం. రెండూ కలిస్తే ఇంగ్లీషులో శవానికి మర్యాద మాట. నరేశ్ మర్యాదగానే పంపాడు.

భవ్యశ్రీ నా జేబులోంచి ఎర్ర పెన్ను తీసి చేతికిచ్చింది.

"టిక్ పెట్టు పెద్దబాపు. ఒక్కటే కుదుర్తలేదు. గీ 'ఆఫ్' ఎందుకొచ్చింది? మనిషి ఉన్నడు, శ్రీహరి యొక్క... యొక్క ఏంది?"

నేను పెన్ను మూత తీశాను. మళ్లీ పెట్టాను.

"జర దాన్ని ఇడువు," అంది అవ్వ వాకిట్లోంచి. "బాపు వస్తుండని సంబురంల ఉంటె యొక్క, గిక్క అని పరేషాన్ చేస్తవేంది? ఇంటికాడ గూడ బడేనా?"

భవ్యశ్రీ నవ్వలేదు. నా ముఖంలోకి చూస్తోంది.

"చెప్పుండ్రి సార్," అంది.

ఇంట్లో నన్ను సార్ అనడం అదే మొదటిసారి.

"ప్రిపొజిషన్లు ఇంకా మొదలుపెట్టలేదు. ఆ పాఠం వచ్చే వారం," అన్నాను.

ఆ పిల్ల నా చేతిలోంచి నోటుబుక్కు తీసుకుంది. దాన్ని మూసి నా సంచిలో పెట్టింది.

"దిద్ది ఇయ్యుండ్రి."

ఇవాళ శుక్రవారం. సిలబస్‌లో బహువచనం వచ్చే వారానికి ఉంది. నేను ఇవాళే చెప్పాను. కొన్ని మాటల చివర ఎస్ ఉన్నా అవి ఏ పనీ చేయవు, అవి పేర్లు మాత్రమే అన్నాను. బోర్డు మీద బుక్స్ అని రాశాను. ఇంకో ఉదాహరణ రాయలేదు.

"నేను మొన్ననే అన్న గద సార్!" అంది దీపిక. "ఇగ చూడే భవ్యా, బుక్స్ ఉర్కదు."

భవ్యశ్రీ రాస్తున్నది ఆపి తలెత్తింది. బోర్డు వైపు చూసింది, నా వైపు చూసింది. ఏదైనా అడుగుతుందని ఆగాను. అడగలేదు. తల వంచుకుని బుక్స్ కింద నౌన్ అని రాసుకుంది.

నాకున్న ధైర్యం అంతే. తరగతిలో నలభై మందికి చెప్పిన వంకతో ఒక్కతెకు చెప్పడం. అది కూడా సగం.

పెట్టె రేపు తెల్లవారుజామున హైదరాబాద్‌లో దిగుతుంది. ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది. వాకిట్లో కోడి కట్టేసే ఉంది. అవ్వ పుంటికూర తొక్కు నూరి చిన్న జాడీలో పెట్టింది, ఎవరినీ ముట్టనివ్వడం లేదు.

నోటుబుక్కు నా సంచిలో ఉంది. 'ఆఫ్' కింద ఖాళీ అట్లాగే ఉంది. ఆ వాక్యం ఇంకా దిద్దలేదు. అవ్వకు చెప్పలేదు.