సన్నగొంతు పిట్ట

జంతుశాస్త్రం మేడమ్‌కి పిల్లలు పెట్టిన పేరు పాముచెవులు. ఆ సంగతి ఆమె చెవినా పడింది. "పాముకి పైకి చెవులే కనపడవర్రా, ముందు పాఠం చదవండి" అని నవ్వి ఊరుకుంది. లోలోపల మాత్రం గర్వమే. కాలేజీ వెనకాల అడవిలో ఏ పిట్ట కూసినా, ఏ కప్ప అరిచినా చూడకుండానే చెప్పేసేది. ముప్ఫై ఏళ్లుగా పొద్దున్నే ఒకే దారిలో నడుస్తూ, విన్నదల్లా పుస్తకంలో ఎక్కించేది.

ఆ పుస్తకంలో మూడేళ్లుగా సన్నగొంతు పిట్ట లేదు. ఇక్కడ అది అంతరించిందని నివేదిక రాసి సంచిలో పెట్టుకుంది. సోమవారం పంపాలి. రాసిన రోజు ఆమెకు అన్నం సహించలేదు.

ఇవాళ మోకాలు మొరాయించడంతో భర్త మడతపీట మోసుకుంటూ వెంట వచ్చాడు. ఆయన దర్జీ. రెక్కలున్నదల్లా ఆయన లెక్కలో కాకే.

"ఏమోయ్, ఇందాకట్నుంచి ఆ కీచు కీచేమిటి? నూనె లేని మిషన్‌లాగా."

"ఎక్కడండీ?"

"అదిగో, ఆ పొదలో."

"ఏం లేదక్కడ. పొద్దున్నే వేళాకోళాలొద్దు."

ఆయన వేలు పెట్టి చూపించాడు. ఆమె బైనాక్యులర్ ఎత్తింది. ఆకుల మధ్య సన్నగొంతు పిట్ట. ముక్కు తెరిచి ఉంది, గొంతు దగ్గర ఈకలు అదురుతున్నాయి. పాడుతోంది. ఆమెకు మాత్రం ఆకుల గలగల తప్ప ఏమీ వినపడలేదు.

వయసు ముందుగా ఎత్తుకుపోయేది సన్నటి చప్పుళ్లనేనని ఏటేటా తరగతిలో చెప్పింది తనే. పిట్ట బతికి ఉందన్న సంతోషం, బతికున్నదాన్ని మూడేళ్లుగా చంపేశానన్న సిగ్గు ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఆమె బైనాక్యులర్ దించింది.

"కనపడిందా?"

"కనపడిందండీ. పిట్ట ఉంది. నా చెవే పోయింది."

ఆయన ఈసారి వేళాకోళమాడలేదు. పీట వేసి ఆమెను కూర్చోబెట్టి, తను పక్కనే నేలమీద చతికిలబడ్డాడు.

ఆమె నివేదిక తీసి 'అంతరించింది' అన్న మాట కొట్టేసింది. పుస్తకంలో ఇవాళ్టి తేదీ వేసి, పిట్ట పేరు రాసింది. 'విన్నవారు' అన్న గడిలో ఇన్నేళ్లూ ఆమె సంతకమే. పెన్ను ఆయన చేతికిచ్చింది.

"నేనా? నాకేం తెలుసు పిట్టల సంగతి?"

"విన్నది మీరేగా."

ఆయన గుండీ కుట్టినంత జాగ్రత్తగా సంతకం పెట్టాడు.

"ఇంకా పాడుతోందా?" అని అడిగింది.

"ఆఁ. పాడుతూనే ఉంది."

ఆగిందని ఆయన చెప్పేదాకా ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు.