గడ్డం పట్టీ

పొద్దున్నే పొయ్యి మీద ఎసరు పెట్టి, అది మరిగేలోపు అత్త గడ్డాన్ని తలుపుకి కట్టడం ఆమె పని. తలుపు పైన చిన్న గిలక. గిలక మీదుగా తాడు. తాడుకి ఇటు చివర గడ్డాన్నీ తల వెనకనీ కలిపి పట్టే పట్టీ. అటు చివర నీళ్ళ సంచి. సంచిలో గీత దాకా నీళ్ళు పోసి వదిలితే, కుర్చీలో కూర్చున్న అత్త మెడ పైకి సాగుతుంది. ఎముకల మధ్య సందు పెరిగి చేతుల తిమ్మిరి తగ్గుతుందని డాక్టరు చెప్పాడు. పట్టీ ఉన్నంతసేపూ నోరు తెరవడానికి లేదు.

"ఈ కాసేపే ఇల్లు ఇల్లులా ఉంటుంది," అనేవాడు భర్త, ఫోను చూసుకుంటూ. "ఆ సంచిలో ఇంకో చెంబు నీళ్ళు పొయ్."

ఆమె కూడా నవ్వేది. ఎందుకు నవ్వదు? కూర మాడితే అత్త నోరే. ఆఫీసు నుంచి రావడం ఆలస్యమైతే అత్త నోరే. "మొగుడు ఆకలితో కూర్చుంటే మహాతల్లి బొమ్మలు గీస్తూ కూర్చుంది," అని పక్కింటికి వినపడేలా అనే నోరు. అది మూతపడే ఆ కాసేపట్లోనే ఆమె కూరలు తరిగి, భర్త చొక్కా ఇస్త్రీ చేసి, డబ్బాలు సర్దేది.

ఒక ఆదివారం కూరలు తరుగుతుంటే అత్త చెయ్యి ఊపింది. ఆమె చూసింది. ఉక్కపోస్తోందేమో అనుకుని ఫ్యాను పెంచి మళ్ళీ వంటింట్లోకి పోయింది. తర్వాత పట్టీ విప్పబోతే అది తడిగా తగిలింది. కన్నీళ్ళు.

"ఆపవే అని చెయ్యి ఊపితే ఫ్యాను వేస్తావా?" అంది అత్త. ఆ ఒక్క మాటే. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా నోరెత్తలేదు. తిట్లకి అలవాటుపడిన ఇంట్లో ఆ మౌనాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకి తెలియలేదు.

ఆమె పనిచేసేది ఇలాంటి సామాను తయారుచేసే కంపెనీలోనే. నడుము బెల్టులు, మోకాలి పట్టీలు, మెడ సాగదీసే బల్లలు. వాటికి డ్రాయింగులు గీస్తుంది. ఆమె చదువుకున్న చదువే అది. ఇంట్లో వాళ్ళకి అది బొమ్మలు గీయడం. ఆఫీసులోనూ పెద్ద తేడా లేదు. మీటింగు మొదలవుతూనే మేనేజరు, "అమ్మా, కాస్త టీ సంగతి చూడు. నీ చేతి టీ పడితే గానీ మా బుర్రలు కదలవు," అంటాడు. టీ తెచ్చేసరికి మాట్లాడాల్సినవి మాట్లాడేసుకుని ఉంటారు. కొత్త పట్టీ ఏది తయారైనా ముందు ఆమె మెడకే తొడుగుతారు. "నీకు సరిపోతే ఊరందరికీ సరిపోయినట్టే. ఎటు వంచితే అటు వంగే మెడ," అని ఒకడంటే మిగతావాళ్ళు నవ్వుతారు. ఆమె టీ కప్పులు ఏరుకుంటుంది.

ఆ తడిసిన పట్టీ మాత్రం ఆమెని వదల్లేదు. గడ్డాన్ని ముట్టుకోకుండా మెడని సాగదీయలేమా? పుర్రె అడుగున, మెడ మొదలయ్యే చోట, రెండు వైపులా చిన్న గట్లు ఉంటాయి. వెల్లకిలా పడుకోబెట్టి, ఆ గట్ల కింద రెండు మెత్తటి దిండ్లు ఆనించి, స్ప్రింగుతో మెల్లగా లాగితే చాలు. నోరు నోటిలాగే ఉంటుంది. ఇంకొకటి కూడా కలిపింది. పడుకున్న మనిషి చేతిలో ఒక తాడు. అది పట్టుకుని ఉన్నంతసేపే స్ప్రింగు లాగుతుంది. వదిలితే ఆగిపోతుంది. ఎవరినీ పిలవక్కర్లేదు, బతిమాలక్కర్లేదు. అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు వర్క్‌షాపులో తన మెడ మీదే పెట్టుకుని, దిండ్లు చెక్కి, మళ్ళీ చెక్కి, నాలుగు నెలలు చేసింది. ఎంత మెత్తగా పట్టుకుందంటే, ఒకసారి అందులోనే నిద్రపోయింది. పెళ్ళయ్యాక ఆమె తలని ఎవరైనా అంత జాగ్రత్తగా పట్టుకోవడం అదే.

మేనేజరు అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "బావుందమ్మా. కానీ గడ్డానికి పట్టీ లేకపోతే చూసేవాళ్ళకి మెడ సాగదీసేదిలా ఉండదు, పడక కుర్చీలా ఉంటుంది. పట్టీ వేద్దాం. ఈ తాడెందుకు? పేషెంటు చేతిలో పెడితే గడియకోసారి వదిలేస్తుంది. తీసేద్దాం."

"అది తీసేస్తే ఇది చేసి ప్రయోజనమేంటి సార్?"

"అబ్బో, కోపం కూడా వస్తుందే! సరేలే, ఆసుపత్రి వాళ్ళు వస్తున్నారు. నువ్వే పడుకోవాలి. దానికి నీ మెడే అచ్చొచ్చింది."

పడుకుంది. అక్కడే ఆమె చేసిన తప్పు. ఎదురుగా చెబుతాను, డాక్టర్లకి నేనే చెబుతాను అనుకుంది. పడుకోగానే మేనేజరు గడ్డం పట్టీ బిగించేశాడు. చేతిలో ఉండాల్సిన తాడు అప్పటికే తీసేశారు.

బల్ల చుట్టూ డాక్టర్లు నిలబడ్డారు. పైన వాళ్ళ ముక్కుపుటాలు, పెన్నులు కనిపిస్తున్నాయి. "మేం ఎంతో కష్టపడి తయారుచేశాం," అంటున్నాడు మేనేజరు. దిండ్ల సంగతి చెప్పాడు. గట్ల సంగతి చెప్పాడు. అన్నీ ఆమె మాటలే. మాటమాటకీ లాగుడు పెంచే మరను కాస్త తిప్పాడు. పట్టీ కిందనుంచీ దిండ్లు వెనకనుంచీ లాగేసరికి దవడలు ఒకదాన్నొకటి నొక్కుకున్నాయి. చెవుల్లో హోరు.

ఒక డాక్టరమ్మ అడిగింది. "నొప్పి పుడితే పేషెంటు చెప్పేదెలా?"

ఆమె ఎదురుచూసిన ప్రశ్న అదే.

"ఈవిడనే అడుగుదాం," అన్నాడు మేనేజరు వంగి. "ఏమ్మా, హాయిగా ఉందా?"

ఆమె చెయ్యి ఎత్తింది. ఊపింది.

"చూశారా, బ్రహ్మాండంగా ఉందంటోంది!"

అందరూ నవ్వారు. డాక్టరమ్మ కూడా నవ్వింది. ఆమె చెయ్యి ఇంకా ఊపుతూనే ఉంది. వాళ్ళు టీకి వెళ్ళిపోయారు.

గడ్డం పట్టీతోనే కొంటామన్నారు.

ఇంట్లో భర్త అన్నాడు, "నీ బల్ల నచ్చిందిగా. పేరు ఎవరిదైతే ఏంటి? ఆ మొహం దేనికి?" దవడ కదిలించలేక ఆమె బదులు చెప్పలేదు. "మాట్లాడవేంటి?" అని చూసి, తనే మళ్ళీ, "పోన్లే, అదీ ఒకందుకు మంచిదే," అని అన్నం కలుపుకున్నాడు. పెళ్ళప్పుడు తన అమ్మ చెప్పిన మాట ఆమెకి గుర్తొచ్చింది. తల వంచుకుని కాపురం చేసుకోమ్మా, అంది. ఇన్నాళ్ళూ తల వంచినా నోరు లేదు, ఇవాళ పైకి లాగినా లేదు.

మర్నాడు పొద్దున ఎసరు పెట్టలేదు. వర్క్‌షాపులో మూల పడేసిన తన మొదటి బల్లని ముందురోజే ఆటోలో తెచ్చుకుంది. అత్తని దాని మీద పడుకోబెట్టి, తల కింద దిండ్లు సర్ది, చేతిలో తాడు పెట్టింది.

"గడ్డానికి కట్టవేంటే?"

"కట్టను అత్తయ్యా. నొప్పిస్తే తాడు వదిలెయ్యండి. ఆగిపోతుంది."

"అయిపోయింది," అన్నాడు భర్త. "ఇక అమ్మ నోరు పొద్దున్నుంచే మొదలు." ఇంతలో ఆమె ఫోను మోగింది. అతనే తీశాడు. "మీ మేనేజరు. ఇంకో ఆసుపత్రి వాళ్ళు వస్తున్నారట. పదకొండింటికి నువ్వొచ్చి పడుకోవాలట."

"రానని చెప్పండి."

"ఉద్యోగం వద్దా?"

"రానని చెప్పండి."

తను పోకపోతే ఇంకొకర్తె పడుకుంటుంది. పట్టీ ఉన్న బల్లలు వందల్లో తయారవుతాయి. ఎక్కడెక్కడో ఆడవాళ్ళు చేతులు ఎత్తుతారు, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతారు. తన పని వల్ల జరగబోయేది అదే. దాన్ని ఆపే తాడు ఆమె చేతిలో లేదు.

అత్త తాడు వదిలింది. స్ప్రింగు ఆగింది. పట్టుకుంది. లాగింది. మళ్ళీ వదిలింది.

"నొప్పిగా ఉందా అత్తయ్యా?"

"లేదే," అంది అత్త, పైకప్పు వైపే చూస్తూ. "నా బతుకులో నేను ఆపమంటే ఆగింది ఇదొక్కటే. ఇంకోసారి చూసుకోనీ."